పాప్పా అవునన్న రోజు

పాప్పా పుట్టింది కోవిల్‌పట్టిలో, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల వెనక సందులో. అక్కడ ఒకప్పుడు పిల్లలకు అక్షరాలకంటే ముందు పుల్లలు పేర్చడం వచ్చేది. ఆమె చేతులకు పదేళ్లకే అగ్గిపుల్లల మందు వాసన పట్టుకుంది. పెళ్లయి తిరుచ్చులి అవతలి పల్లెకు వచ్చినా వదల్లేదు. ఇక్కడికీ పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ వ్యాను వస్తుంది. మొగుడు పాండి తుమ్మమొద్దులు కాల్చి బొగ్గు చేసేవాడు. ఆ పొగే అతన్ని తీసుకుపోయింది. మిగిలింది కూతురు మారిసెల్వి. పదకొండో తరగతి. ఆ వీధిలో పది దాటిన మొదటి ఆడపిల్ల. పాప్పాకు బతుకులో కావలసింది ఒక్కటే: ఈ పిల్ల పన్నెండు రాయాలి, వ్యాను ఎక్కకూడదు.

ఆ పల్లెది నల్లరేగడి నేల. దాని గురించి పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. వానొస్తే బంగారమంటారు. దాని అడుగున ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లేనని మాత్రం ఎందుకో రాయరు. అందుకే ఆ పల్లెకు వారానికి రెండుసార్లు లారీ తాగునీళ్లు తెచ్చేది. కిందటేడు ఇంటింటికీ కొళాయి కూడా వేశారు. మొదటిరోజు పావుగంట నీళ్లొచ్చాయి. తర్వాత గాలి వచ్చింది. ఆ తర్వాత అదీ రాలేదు.

ఆడిమాసం, అంటే ఆషాఢం, గాలి దుమ్ము లేపుతున్న ఒక ఆదివారం మధ్యాహ్నం విరుదునగర్ సర్కారు ఆఫీసు నుంచి నీళ్ల సర్వే పిల్ల వచ్చింది. పేరు దేవిప్రియ. చేతిలో ట్యాబు, ఎండకు కందిన ముఖం.

పాప్పాకు వాళ్లమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లివ్వాలి. ఆ మనిషి తాగుతున్నంతసేపూ నీళ్ల కరువు మాట ఎత్తకూడదు. ఎత్తితే తాగేవాళ్లకు గొంతు దిగదు, ఇచ్చిన చేతికి పాపం. ఆ వీధిలో అందరిళ్లలోనూ అదే నడత.

దేవిప్రియ రెండు గుక్కలు తాగి, ఆగి, అడిగింది. "అక్కా, కొళాయిలో నీళ్లు వస్తున్నాయా?"

చెంబు ఇంకా పెదవి దగ్గరే ఉంది.

"వస్తాయిమా. తాగు."

"రోజూనా?"

"అవును, రోజూ. తాగు తల్లీ, ఎంత ఎండకు వచ్చినావో."

ట్యాబు మీద వేలు రెండుసార్లు కదిలింది. పాప్పాను కొళాయి పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుంది. ఆ పిల్ల వెళ్లాక మారిసెల్వి పుస్తకం మూసి, "ఏందిమా, వస్తాయని చెప్తివి?" అంది.

"తాగే బిడ్డతో ఏం చెప్పేదే? చదివిన పిల్ల, కొళాయి తిప్పి చూసుకోదా?"

ఆ మధ్యాహ్నం వీధిలో ఇరవై ఇళ్లలో దేవిప్రియకు నీళ్లిచ్చారు. ఇరవై ఇళ్లలోనూ అవునన్నారు.

రెండు నెలలకు లారీ ఆగిపోయింది. డ్రైవరు తంగపాండి సైకిలు మీద పోతూ దొరికాడు.

"మీ ఊరు పూర్తయిందని కాయితం వచ్చిందత్తా. నూటికి నూరు. బండిని వేరే ఊరికి తిప్పేసినారు."

"ఏం పూర్తయిందిరా?"

"నీళ్లు."

"పోరా, నీ తలకాయ!"

ఇక మిగిలింది పుదూరు దారిలో, రెండు మైళ్ల అవతల, ఎర్రనేలలో తీపినీళ్లు పడ్డ ఒక రైతు బోరు. అక్కడ కరెంటు వచ్చేది ఎనిమిదింటికి. వ్యాను ఆరింటికి, బడి బస్సు ఎనిమిదింబావుకి. పాప్పా పదిహేను రోజులు వ్యాను మానేసి బిందెలు మోసింది. పదహారో రోజు సూపర్‌వైజరు, రేపు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని కబురు పంపాడు. మర్నాడు మారిసెల్వి ఏమీ అడక్కుండా బిందె తీసుకుని బోరు దారి పట్టింది.

పాప్పా ఒకరోజు సెలవు పెట్టి విరుదునగర్ వెళ్లింది. ఆఫీసు వరండాలో గోడ నిండా రంగురంగుల గళ్లు. ప్రపంచ దేశాలన్నీ కలిసి కూర్చుని రాసుకున్న పదిహేడు కోరికలవి. 2030 లోపల పేదరికం పోవాలని మొదటిది, అందరికీ నీళ్లు అందాలని ఆరోది. రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు, కోరికా చెడ్డది కాదు. అంత దూరం నుంచి దిగి పల్లె గడపకు వచ్చేసరికి అది ఒక ప్రశ్నగా మిగులుతుంది. ఆ ప్రశ్నకు రెండే జవాబులు: అవును, లేదు. పాప్పాకు చదవడం రాదు. ఆరో గడిలో నీళ్లగ్లాసు బొమ్మ, దాని కింద నేలవైపు బాణం గుర్తు కనిపించాయి. నీళ్లు కారిపోతున్నట్టు వేశారే అనుకుంది.

"ఆ పొద్దు సర్వేకు అబద్ధం చెప్పినాను సార్," అంది లోపల అధికారితో.

"గవర్నమెంటుకే అబద్ధమా? ఎందుకమ్మా?"

ఆ పిల్ల నీళ్లు తాగుతోందని చెప్పాలి. ఆ గదిలో ఆ మాట నోటికి రాలేదు. అధికారి విసుక్కోలేదు. ఫోటో చూపించాడు: కొళాయి పక్కన నవ్వుతున్న పాప్పా. మళ్లీ సర్వే రెండేళ్లకట.

మెట్ల దగ్గర దేవిప్రియ ఎదురై గుర్తుపట్టింది. విషయమంతా విన్నది. "మీరు చల్లటి నీళ్లు ఇచ్చారక్కా. ఇక కొళాయి తిప్పి చూడటమెందుకనుకున్నాను. నా తప్పే." ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే, ఆ నెలాఖరుతో అయిపోతోంది. అయినా లారీ మళ్లీ పంపమని అర్జీ తనే రాసిచ్చింది. అర్జీ అందినట్టు ఫోనుకు మెసేజి వచ్చింది. మరేమీ రాలేదు.

సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో బడివాళ్లు కబురు చేశారు. హాజరు చాలదు, వచ్చే ఏడు మళ్లీ పదకొండులోనే కూర్చోవాలి. పాప్పా బతిమాలింది. "నేను ఫ్యాక్టరీ విడిచేస్తానే. నువ్వు పో."

"విడిస్తే తినేదేందిమా?" అంది మారిసెల్వి. అరవలేదు, ఏడవలేదు.

ఆ ఆదివారం పక్కింటి జెయంతి వచ్చింది. ఈ ఏడు పది ముగిస్తుంది. మారిసెల్వి పుస్తకాలన్నీ దించి, దుమ్ము దులిపి, ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. వెనకే వచ్చిన జెయంతి తల్లి నొచ్చుకుంది. "భద్రంగా పెడుతాములే తల్లీ. నువ్వు మళ్లీ పోయేటప్పుడు తీసుకో."

"వద్దత్తా. జెయంతినే పెట్టుకోనీ."

పై పుస్తకం అట్ట పాప్పాకు కనిపించింది. చదవడం రాకపోయినా కూతురి పేరు ఆకారం ఒక్కటి ఆమెకు తెలుసు. దాని మీద స్కేలు పెట్టి గీసిన గీత ఉంది. కింద, గుండ్రటి అక్షరాలతో, ఇంకో పేరు రాసి ఉంది.