రబ్బీ పుస్తకం కుట్టిన వారం

ఎనభై ఎనిమిదిలో, బర్మాలో సైన్యం మళ్లీ పగ్గాలు చేతబట్టిన వారం, మా ఇంట్లో ఒక యూదు పెద్దాయన ఇరుక్కుపోయాడు. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో, నాన్న పోయాక, పుస్తకాలు కుట్టే పని అమ్మా నేనూ నడిపేవాళ్లం. ఊళ్లో మిగిలిన కొద్దిమంది యూదుల ప్రార్థన మందిరాన్ని ఆ పెద్దాయనే చూసుకునేవాడు. కుట్లు ఊడిన పాత పుస్తకమొకటి తెచ్చి మాట్లాడుతుండగానే స్టేషన్ వైపు కాల్పులు మొదలయ్యాయి. అమ్మ తలుపు గడియ వేసింది.

"ఇప్పుడెక్కడికెల్తావు, కూకో," అంది. తెలుగు రాకపోయినా ఆయన కూర్చున్నాడు.

మూడు రోజులు వీధిలోకి ఎవరూ రాలేదు. నేను కుడుతుంటే ఆయన బర్మా భాషలో ఆ పుస్తకం రాసిన రబ్బీ గురించి చెప్పాడు. రెండు వందల ఏళ్లకు పైగా కిందట, ఉక్రెయిన్ వైపు ఒక ఊరికి మతగురువట. ఉపవాసాలతో ఒళ్లు ఎండగట్టుకునే కఠినుడు, కోపిష్ఠి. ఆడుతూ పాడుతూ కూడా దేవుణ్ణి చేరవచ్చనే హసీదీ మార్గం అప్పుడే పుడుతోంది. దాన్ని ఈసడించుకున్నవాడే, ఆ మార్గం చూపిన గురువును కలిసి మారిపోయాడు. ఊరి పెద్దలకు గిట్టలేదు. ఒక శుక్రవారం, ప్రయాణం చేయకూడని విశ్రాంతి దినం ఇంకాసేపట్లో మొదలవుతుందనగా, ఆయన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టారు.

"తర్వాత?"

"ఇంకో ఊరు చేరాడు. ముసలితనంలో గురువు మాటలన్నీ రాసి అచ్చు వేయించాడు. కొన్నిచోట్ల ఆ పుస్తకాన్ని తగలబెట్టారు."

"మానేశాడా?"

"ఇంకోటి రాశాడు."

మూడో రోజు మధ్యాహ్నం సైనికులు ఇల్లిల్లూ సోదా చేస్తూ వచ్చారు. అప్పుడు గాని నాకు గుర్తు రాలేదు. పుస్తకం వెన్నుకు అంటించడానికి వేరే కాగితం లేక, సర్కారుకు ఎదురు తిరిగిన విద్యార్థులు పంచిన కరపత్రం ఒకటి చింపి, అచ్చు లోపలికి తిప్పి అతికించాను. పైన ఇంకా గుడ్డ వేయలేదు. మైదా జిగురుకు నాని అక్షరాలు తిరగబడి పైకి కనబడుతున్నాయి. వెన్ను మీద అరచెయ్యి వేసి పట్టుకున్నాను.

"ఇదేం రాత?" అన్నాడు ఆఫీసరు, లోపలి పేజీలు చూసి. పెద్దాయన నోరు తెరవబోతే ఆపి, నన్నే చెప్పమన్నాడు.

"యూదుల మత గ్రంథం, సయా. రాసినాయన్ని ఊరివాళ్లు తరిమేశారు."

"వాళ్ల మీద తిరగబడమన్నాడా?"

"లేదు సయా. సంతోషంగా ప్రార్థన చేయమన్నాడు."

"చెయ్యి తియ్యి."

తీశాను. ఆఫీసరు వెన్ను మీద వేలు పెట్టి చూశాడు. అంటిన జిగురును మా కిటికీ తెరకు తుడుచుకుని వెళ్లిపోయాడు. చదివాడో లేదో ఇప్పటికీ తెలియదు.

విషయం చెప్పగానే అమ్మ నా చెంప మీద కొట్టింది. "అందర్నీ సంపీద్దువే," అని ఏడ్చింది. నేను కరపత్రం పీకబోతే పెద్దాయన ఆపాడు. పీకితే పాత కాగితాలు చిరుగుతాయన్నాడు. దాని మీదే నల్ల గుడ్డ అంటించాను.

మర్నాడు ఆయన పుస్తకం తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ మళ్లీ ఎప్పుడూ ఆయన్ని మా మెట్లు ఎక్కనివ్వలేదు. అందుకని నేనే వెళ్లేదాన్ని. మందిరం వరండాలో కూర్చుని, ఆ రబ్బీ కోపిష్ఠి రోజుల సంగతులు చెప్పించుకునేదాన్ని. ఆరేళ్ల తర్వాత ఆయన పోయినప్పుడు, సాగనంపినవాళ్లలో ఆడమనిషిని నేనొక్కదాన్నే.