గలీబులో పాత దూది

ముత్తుకూరులో పరుపుల కొట్టు కరీమున్నీసాను ఎరగనివాళ్లు తక్కువ. కృష్ణపట్నం పోర్టులో పనికి వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకునే కుర్రాళ్లందరూ ఆమె దగ్గర దిండ్లు కొన్నవాళ్లే. మనిషికి నోరెక్కువ. బేరమాడితే మొహం వాచేట్టు చీవాట్లు పెట్టేది. పాపం, ఇద్దరి మాటలు ఒక్క నోటితో ఆడాలి కదా. ఆమె తమ్ముడు బడేసాహెబ్ పుట్టు చెవిటి. మాట లేదు.

బడి మొహం చూడని ఆ ఇద్దరూ చిన్నప్పుడే తమ కోసం ఒక చేతిమాట అల్లుకున్నారు. దూది ఏకే ఇల్లు కాబట్టి సైగలు కూడా దూదిలోంచే పుట్టాయి. సూది గుచ్చుకున్నట్టు బొటనవేలు నొక్కి చూపితే అక్క. అరచేతి మీద నుంచి చూపుడువేలు పైకి లేపితే సూళ్లూరుపేట. రాకెట్లు ఎగిరేది ఆ దిక్కునే కదా. భుజం మీద పింజ దులుపుకుంటే పోనీలే అని. ఎడమ పిడికిలిని సంచిలా పట్టి అందులోకి కుడిచేతి వేళ్లు కూరితే అబద్ధం. కొత్త దిండు గలీబులో పాత దూది కూరి అమ్మడాన్ని మించిన అబద్ధం లోకంలో లేదని వాళ్ల నాన్న చెప్పేవాడు.

కరీమున్నీసా జీవితంలో గలీబు ఎన్నడూ అలా కుట్టలేదు. కానీ ఒక్కసారి మాట కుట్టింది.

ఇరవై ఆరేళ్ల కిందట సూళ్లూరుపేట నుంచి ముంతాజ్ అనే పిల్ల సంబంధం వచ్చింది. పిల్లకు ఒక కాలు కొంచెం అవిటి. బుర్ర మాత్రం చురుకు. చూపుల పూట బడేసాహెబ్ చేతులనే కళ్లార్పకుండా చూసి, వెళ్లేలోగా రెండు సైగలు నేర్చేసుకుంది. అందరూ మురిసిపోయారు. కరీమున్నీసా గుండెలో మాత్రం రాయి పడింది. అప్పటికి ఆమె మొగుడు పోయి పుట్టింటికి చేరి మూడేళ్లు. కొట్టు నడిచేది తమ్ముడి చేతుల మీద, తమ్ముడి బతుకు నడిచేది ఆమె నోటి మీద. ఆ పని ఇంకొకతె నేర్చుకుంటే ఈ ఇంట్లో తనెందుకు?

తర్వాతి శుక్రవారం పిల్ల తండ్రి వచ్చి, "ఏమంటా ఉండాడమ్మా అబ్బాయి?" అని గుమ్మంలోనే అడిగాడు. లోపల బడేసాహెబ్ అటు తిరిగి దూది ఏకుతున్నాడు. నాలుగు రోజులుగా అతను గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఆ పిల్లే సరే అని సైగ చేస్తున్నాడు. కరీమున్నీసా తల అడ్డంగా ఊపింది. "వాడికి ఇష్టం లేదంట, పెద్దాయనా." ఆయన వెళ్లిపోయాక తమ్ముడి దగ్గరికి పోయి, అతని చెవి చూపించి, అందుకని వాళ్లే వద్దన్నారని చెప్పింది. అతను ఆ పూట అన్నానికి రాలేదు. చీకటి పడేదాకా దూది ఏకుతూనే ఉన్నాడు. మళ్లీ పెళ్లి మాట ఎత్తలేదు.

ముంతాజ్ తర్వాత ఏమైందో కరీమున్నీసా కనుక్కోలేదు. కనుక్కునే మొహం ఉండాలిగా.

మూడేళ్ల కిందట నెల్లూరు నుంచి సుశీల్ కుమార్ అనే లెక్చరర్ కెమెరా పట్టుకుని దిగాడు. ఇద్దరే మనుషులు పుట్టించుకున్న భాషట, దాని మీద పరిశోధనట. ఆదివారం చర్చి అయిపోగానే బస్సెక్కి వచ్చేవాడు. తమ్ముడు చేతులు ఆడిస్తే అక్క అర్థం చెప్పేది, ఆయన రాసుకునేవాడు. బడేసాహెబ్‌కు కొత్త బట్టలు తొడిగినంత సంబరం. తన చేతుల వైపు ఇంకో మనిషి చూడటం ముంతాజ్ తర్వాత అదే మొదలు. కిందటేడు వానాకాలంలో దగ్గు ముదిరి అతను పోయాడు. దూది దుమ్ము అన్నారు డాక్టర్లు.

ఈ జనవరిలో సుశీల్ కుమార్ మళ్లీ వచ్చాడు. "అక్కా, నెల్లూరులో మా సదస్సు ఉంది. భాష, మనసు అని పెద్ద పెద్దవాళ్లు వస్తా ఉండారు. ఈ భాష తెలిసింది ఇప్పుడు మీరొక్కరే. మీరేం చెప్తే అదే మేం రాసుకునేది. మీరు రాకపోతే బడేసాహెబన్న మాట ఆయనతోనే పోయినట్టు."

ఆ చివరి మాటకే ఆమె ఒప్పుకుంది. తమ్ముడికి ఇల్లాలిని లేకుండా చేసింది. కనీసం మాటైనా మిగల్చాలి.

పదింటికన్న సదస్సు పదకొండున్నరకు మొదలైంది. మాట రానివాళ్ల భాష గురించి సభ కదా, మాట్లాడకుండా కూర్చున్న పెద్దమనిషి ఒక్కడూ లేడు. ఎదుటివాడి మాట వినడం ఎంత గొప్ప విద్యో ఒకాయన గంటసేపు చెప్పాడు, మధ్యలో అధ్యక్షులవారు పంపిన చీటీ చూడకుండా. కరీమున్నీసాకు శాలువా కప్పారు. అలవాటు కొద్దీ రెండు వేళ్లతో నలిపి చూసి, నూలు కాదనుకుంది.

తర్వాత సుశీల్ కుమార్ మైకు తీసుకున్నాడు. "ఇది మీరు టీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు తీసింది, అక్కా. ఇందులో రెండు సైగలు నేనెప్పుడూ చూడలేదు, అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపల ఆయన పోయినాడు. ఇప్పుడు అందరి ముందర మీరే చెప్పండి."

తెర మీద బడేసాహెబ్ వచ్చాడు. గోడంత మనిషి. లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు, అక్క వస్తోందేమోనని. తర్వాత చేతులు లేపాడు.

అరచేతి మీద నుంచి వేలు పైకి లేచింది. సూళ్లూరుపేట.

బొటనవేలు నొక్కాడు. అక్క. గుమ్మం చూపించి తల అడ్డంగా ఊపాడు. ఎడమ పిడికిలిలోకి వేళ్లు కూరాడు. కన్ను తాకాడు. చూశాను. తర్వాత భుజం మీద లేని పింజను దులుపుకున్నాడు.

ఆ రోజు అటు తిరిగి ఉన్నాడనుకున్నవాడు ఆమె తల ఊపడం చూశాడు. ఇరవై అయిదేళ్లు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నవాడు, ఆమె కాళ్లనొప్పులకు నూనె రాసినవాడు, దాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాడు. చెప్పుకోవడానికి వాడికి ఉన్నది ఒక్క మనిషి, ఆ మనిషి తనే. అందుకే అర్థం కాని ఆ కెమెరా పెట్టెకు చెప్పుకున్నాడు.

"అక్కా?" అన్నాడు సుశీల్ కుమార్. హాలంతా పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తోంది. నిజం చెబితే తమ్ముడి మాట దక్కుతుంది, తన మొహం దక్కదు. చెప్పాలనే నోరు తెరిచింది. ఆ నోటికి పాత అలవాటే ముందొచ్చింది.

"టీ సంగతి చెప్తా ఉండాడు సార్. ఆ వేలు లేపేది పొగ. పొగలొచ్చే టీ. అక్క... వొద్దు వొద్దంటా ఉన్నా చక్కెర ఎక్కువేస్తాది. నేను చూసినా. పోనీలే, అంటా ఉండాడు."

హాలు గలగలా నవ్వింది. ఎంత ముద్దుగా ఉందో అన్నారు. పిడికిలిలోకి వేళ్లు కూరితే చక్కెర అని అందరూ రాసుకున్నారు. సుశీల్ కుమార్‌కు ఆనందం పట్టలేదు. "అందరం ఒకసారి చేసి చూద్దామా?" అన్నాడు. నూటికి పైగా మనుషులు ఆమె వైపు తిరిగి, నవ్వుతూ, బొటనవేళ్లు నొక్కి, తలలు అడ్డంగా ఊపి, పిడికిళ్లలో వేళ్లు కూరారు. అక్క అబద్ధం చెప్పింది. చూశాను. బడేసాహెబ్ ఒక్కడై దాచుకున్న మాట ఇప్పుడు హాలంతా అంటోంది, అంటున్నదేమిటో ఒక్కరికీ తెలియదు. కరీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు గుర్తొచ్చి ఏడుస్తోందనుకుని చప్పట్లు కొట్టారు.

టీ వేళకు ఫేబీ అనే చదువుకునే పిల్ల గ్లాసు తెచ్చింది. బల్ల మీది చక్కెర డబ్బా చూపించి, తను నేర్చుకున్న సైగ ముచ్చటగా చేసి, వేయమంటావా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

కరీమున్నీసా చుట్టూ చూసింది. అప్పుడు బొటనవేలు గట్టిగా నొక్కి, ఎడమ పిడికిలిలోకి వేళ్లు కూరింది. నెమ్మదిగా, తప్పు లేకుండా, తమ్ముడు చేసినట్టే. ఆ పిల్ల చెయ్యి భుజం మీదికి పోతుందేమోనని కళ్లు చికిలించి చూసింది.

"ఓ, ఎక్కువ కావాల్నా అక్కా!" అని ఫేబీ రెండు చెంచాల చక్కెర వేసి, కలిపి, గ్లాసు చేతికిచ్చింది.