కునుకు తాత క్రిస్మస్ కాపలా

కునుకు తాతకి నిద్రపోవడానికి మంచం అక్కర్లేదు, చీకటి పడక్కర్లేదు, ఆ మాటకొస్తే కూర్చోనూ అక్కర్లేదు. వీపు ఆనించడానికి మూరెడు గోడ ఉంటే చాలు. రైల్వే గేటు దగ్గర ముప్పై ఏళ్ళు కాపలా కాసి, ఒక్కనాడూ రెప్ప వాల్చలేదని పేరు తెచ్చుకున్న మనిషి, రిటైరైన మర్నాటి నుంచి కనబడిన కుర్చీలోనల్లా గుర్రుపెట్టడం మొదలుపెట్టాడు.

ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో వాలీ వాలగానే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఇదే సందని డాక్టరు పన్ను పీకేశాడు. అరగంటకి లేచి, "ఇంకా ఎంతసేపు కూర్చోవాలండీ?" అని అడిగాడట. కొడుకు పెళ్ళి ఫోటోలు అరవై ఉంటే, అరవైలోనూ ఆయనవి మూసిన కళ్ళే. ఎవరైనా తట్టి లేపితే మాత్రం ఒకటే జవాబు: "నిద్రపోవడం లేదు. కళ్ళు మూసుకున్నానంతే."

ఆ జవాబు వినీ వినీ కోడలికి ప్రాణం విసిగిపోయింది.

ఆమె ఒక బేకరీలో కేకుల మీద క్రీముతో పూలూ పేర్లూ వేసే పని చేస్తుంది. ఆ డిసెంబరులో నాలుగు వందల కేకుల మీద "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని రాసింది. పండగ ముందురోజుకి కుడిచెయ్యి దువ్వెన కూడా పట్టుకోలేనంది. శుభాకాంక్షల్లో ఉన్నన్ని వంకరలు లోకంలో ఇంకే మాటకీ ఉండవని అప్పుడే ఆమెకి తెలిసొచ్చింది.

అందుకే ఈసారి ఎక్కడికీ వెళ్ళకూడదు, ఎవర్నీ పిలవకూడదు అనుకుంది. ఆరేళ్ళ కూతురు, మూడేళ్ళ కొడుకు, మామగారు, తను. సరుకుల ఓడలో ఇంజన్ మెకానిక్‌గా పనిచేసే భర్త పొద్దున్నే దిగుతాడు. అందరూ ఇంట్లో కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చోవాలి. అంతే ఆమె కోరిన పండగ.

పండగనాడు ఉదయం ఏడింటికి ఫోన్ మోగింది.

"తుఫానట. ఓడని ఇక్కడి రేవులోంచి కదలనివ్వడం లేదు. మళ్ళీ నెలాఖరుకే."

"పోయినేడాదీ ఇదే అన్నావు."

"నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

"ఏం చెయ్యొద్దు. ఒళ్ళు జాగ్రత్త," అని పెట్టేసింది. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కాసేపు ఏడ్చింది. పిల్లలతో ఎలా చెప్పాలో తెలియలేదు. ముందు స్నానం చేసి వస్తే ధైర్యం వస్తుందేమో అనిపించింది. మామగారికి మాత్రం సంగతి మెల్లగా చెవిలో వేసింది.

"మామయ్యా, ఒక్క పావుగంట పిల్లల్ని చూడండి. చిన్నాడు ఆ క్రిస్మస్ చెట్టు పట్టుకుని ఊపేస్తున్నాడు."

"నువ్వు నిశ్చింతగా వెళ్ళు తల్లీ. నేనుండగా వాళ్ళు..." మాట పూర్తికాకముందే గుర్రు వినిపించింది.

పావుగంట తర్వాత వచ్చి చూస్తే, క్రిస్మస్ చెట్టు నేలమీద బోర్లా పడి ఉంది. దానికి అంటించిన దూదిలో సగం తాత గడ్డానికి అంటుకుని ఉంది. అంటించింది కేకు మీది క్రీముతో. పండక్కని ఆమె తన చేత్తో తన ఇంటికోసం చేసుకున్న ఒకే ఒక్క కేకు అది. చిన్నాడు ఆ కేకులో రెండు చేతులూ మోచేతుల దాకా ముంచి కూర్చున్నాడు. ఇంత జరుగుతున్నా తాత గుర్రు తాళం తప్పలేదు.

"మామయ్యా!"

తాత ఒక కన్ను తెరిచాడు. "ఆఁ, నిద్రపోవడం లేదమ్మా. కళ్ళు..."

"మూసుకున్నారు! తెలుసు! మీరు మూసుకునే ఉండండి, ఆయన ఓడలోనే ఉండనివ్వండి, ఈ కొంపలో కళ్ళు తెరుచుకుని ఉండాల్సింది నేనొక్కదాన్నేగా!"

అరిచాక ఆమెకే భయం వేసింది. మామగారి మీద గొంతెత్తడం అదే మొదలు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. తాత ఆ కన్ను కూడా మూసేశాడు.

ఆమె వంటింట్లోకి పోయి నేలమీద చతికిలబడింది. ఈసారి కుళాయి తిప్పడానికి కూడా ఓపిక లేదు. ఏడుపూ రాలేదు. ఈ పండగ ఇంతే, వచ్చే పండగా ఇంతే, ఇక బతుకంతా ఇంతే అనిపించింది. గోడకి తల ఆనించి ఊరికే కూర్చుంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండటంతో ముందుగదిలో కూతురి గుసగుస స్పష్టంగా వినిపించింది.

"తాతా, నిద్రపోయావా?"

గుర్ర్.

"నిద్రపోయాడు. అడుగు," అన్నాడు చిన్నాడు.

"తాతా, నాన్న రావడం లేదు కదా? అమ్మ చెప్పలేదులే. కానీ ఫోన్ పెట్టేసి కుళాయి తిప్పింది. అమ్మ ఏడ్చేటప్పుడు కుళాయి తిప్పుతుంది. కిందటిసారి నాన్న బొమ్మ తేలేదని వెళ్ళిపో అన్నాను. అందుకే రావడం లేదా?"

గుర్రు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నిద్రలో పలవరిస్తున్నట్టు మాటలు వచ్చాయి. "గుర్ర్... కాదు... తుఫాను... ఓడ కదల్లేదు... గుర్ర్... నాన్నకి మీ మీద బెంగ..."

"చూశావా!" అన్నాడు చిన్నాడు. "తాత నిద్దట్లో అబద్ధం చెప్పడు."

"మరి అమ్మకి మా మీద కోపమా?"

"గుర్ర్... చెయ్యి నొప్పి... నాలుగొందల కేకులు... కోపం తాత మీద... తాత దొంగ... గుర్ర్..."

పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. పెద్దది గట్టిగా ఊపిరి వదిలింది, పొద్దుట్నుంచీ బిగబట్టినట్టు.

కోడలు లేచి తలుపు దగ్గర నిలబడింది. పిల్లలు దూది ఏరడానికి చెట్టు వైపు పాకారు. అప్పుడు కనబడింది ఆమెకి. తాత కళ్ళు మూసుకుని ఉన్నా, కుర్చీ పక్కకి జారిన చెయ్యి చిన్నాడి చొక్కా అంచుని గుప్పిట్లో పట్టుకుని ఉంది. చిన్నాడు కదిలినంత మేరా చెయ్యి సాగుతోంది. పంచె తొలగిన కాలి మీద, ముంగాలి ఎముక దగ్గర, ఎర్రగా బొప్పి కట్టింది. ఆ చెట్టుకి కింద ఇనుప దిమ్మ ఉంది. అది పిల్లాడి మీద పడలేదంటే, మధ్యలో ఏదో అడ్డుపడి ఉండాలి.

ఎన్నాళ్ళుగా పిల్లలు ఇలా ఈ చెవిలో తమ భయాలన్నీ చెప్పుకుంటున్నారో! మెలకువగా ఉన్న పెద్దవాళ్ళతో చెప్పలేనివన్నీ!

ఆమె మెల్లగా వెళ్ళి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. తనూ ఆ చెవి దగ్గరికే వంగింది.

"మామయ్యా, నిద్రపోతున్నారా?"

గుర్ర్.

"నా వల్ల కావడం లేదు మామయ్యా. పొద్దున లేస్తే ఎప్పుడు పడుకుంటానా అని ఉంటుంది. పిల్లల్ని సరిగ్గా పెంచుతున్నానో లేదో కూడా తెలియడం లేదు."

గుర్రు తడబడింది. దూది గడ్డం వణికింది. తాత గొంతు సవరించుకున్నాడు, నిద్రలో ఉన్నవాళ్ళు ఎవరూ సవరించుకోనంత మర్యాదగా.

"గుర్ర్... బాగా పెంచుతోంది... కోడలు ఇప్పుడు పడుకోవాలి... వంట తాత చేస్తాడు..."

"మీకు వంట రాదుగా!"

"గుర్ర్... గుడ్లు వచ్చు..."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోబోతే కళ్ళలోంచి నీళ్ళొచ్చాయి. తాత కళ్ళు తెరిచి, అప్పుడే లేచినట్టు ఇంత పొడుగున ఆవలించి, "మంచి నిద్రపట్టిందమ్మా," అంటూ కుంటుకుంటూ వంటింట్లోకి నడిచాడు.

ఆమె సోఫాలో కాళ్ళు చాపుకుని పడుకుంది. కాసేపటికి చెవి దగ్గర వెచ్చటి ఊపిరి తగిలింది.

"అమ్మా, నిద్రపోయావా? నాన్న రాకపోయినా ఇవాళ పండగేనా?"

ఆమెకి అలవాటు లేదు. ఎలా చెయ్యాలో కొంచెం ఆలోచించి, "గుర్ర్... పండగే..." అంది.

"ఒరేయ్, అమ్మకీ వచ్చిందిరా!" అని తమ్ముడికి చెప్పడానికి కూతురు పరుగెత్తింది.

వంటింట్లో గిన్నె కిందపడింది. తర్వాత మూత పడింది. గుడ్లు మాడుతున్న వాసన ముందుగది దాకా వచ్చింది. ఆమె కళ్ళు తెరవలేదు. ఇంకాస్త గట్టిగా గుర్రుపెట్టింది.