పద్నాలుగో నంబరు మీద పేరు

ఏప్రిల్ వచ్చిందంటే లవోన్ కడ్లెక్‌కి ఒళ్లు మండుకొస్తుంది. యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ స్టేడియం కింద, బట్టలుతికే మెషిన్లున్న హాలుకి ఆనుకుని కిటికీ కూడా లేని చిన్న గది ఆమెది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గదిలో కుట్టుమెషిన్ ముందు కూర్చుని అమ్మాయిల జట్టు జెర్సీల మీద పేర్లు కుడుతోంది. ఒకప్పుడు ఒక పేరు కుట్టిందంటే మళ్లీ నాలుగేళ్ల దాకా దాన్ని ముట్టుకునే పనే ఉండేది కాదు. ఆ పిల్ల వచ్చి, ఆడి, చదువు ముగించుకుని, ఏడుస్తూ కావలించుకుని వెళ్లిపోయాకే కుట్లు విప్పేది.

ఇప్పుడా మర్యాదలేం లేవు. సీజన్ అయిపోగానే పోర్టల్ అని ఒకటి తెరుస్తారు. ఉన్న చోట నచ్చని పిల్లలు అందులో పేరు పెట్టుకుంటారు. ఇక మిగతా యూనివర్సిటీల కోచ్‌లు ఫోన్ల మీద ఫోన్లు చేసి ఎగరేసుకుపోతారు. ఆ ఏడాది జట్టులోంచి ఐదుగురు వెళ్లిపోయారు. వాళ్లలో ఒకతి అయితే కనీసం లాకరు తాళం కూడా తిరిగివ్వలేదు. ఐదు పేర్లూ విప్పేసరికి లవోన్ మెడ పట్టేసింది.

"పేరు ఒక పట్టీ మీద కుట్టి, ఆ పట్టీని జెర్సీకి అతికించెయ్. పోయినప్పుడు చర్రున పీకెయ్యొచ్చు. ఊరంతా అదే చేస్తోంది," అన్నాడు సామాన్ల గది చూసుకునే లైల్. అతను ఈ మాట అనడం ఇది మొదటిసారేం కాదు.

"పీకడానికి వీలుగా కుట్టేదాన్ని పేరంటారా? సూట్‌కేసుకి కట్టే చీటీ అంటారు," అంది లవోన్. "నేను గుడ్డ మీదే కుడతాను. నీకు అంత తొందరగా ఉంటే నీ చొక్కాకి కుట్టుకో పట్టీ."

"నా పేరు ఎవడిక్కావాల్లే."

"అదీ నిజమే."

అలా విడిగా కత్తిరించి పెట్టుకున్న గుడ్డ అక్షరాలని ఒక్కోటీ నేరుగా జెర్సీ మీద పెట్టి, చుట్టూ రెండు వరసల కుట్టు వేయడం ఆమె పద్ధతి. విప్పినా సూది రంధ్రాలు గుడ్డ మీద ఉండిపోతాయి. అయినా మార్చుకోలేదు. మొండిది.

ఆ జట్టులో ఇంకో ఆనవాయితీ ఉంది. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఖర్చుతో చదువుకుంటూ జట్టులో చేరిన పిల్లల జెర్సీ మీద నంబరే ఉంటుంది, పేరుండదు. ప్రాక్టీసులో పెద్ద ఆటగత్తెలకి ఎదురు నిలబడి దెబ్బలు తినేదీ, బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టేదీ వీళ్లే. ఎప్పుడో ఒకప్పుడు వీళ్లలో ఒకరికి స్కాలర్‌షిప్ వస్తుంది. ఆ సంగతి ముందు కోచ్‌కీ లవోన్‌కీ మాత్రమే తెలుస్తుంది. లవోన్ గుట్టుగా పేరు కుట్టి, జెర్సీని మడిచి, పైన తెల్ల తువ్వాలు కప్పి, ప్రాక్టీసు మధ్యలో తనే కోర్టు మీదికి పట్టుకెళ్తుంది. తువ్వాలు తీయమని ఆ పిల్లతో చెబుతుంది. తీయగానే జట్టంతా మీద పడి అరుపులు, కేకలు. ఇరవై తొమ్మిదేళ్లలో అలా పదకొండుసార్లు పట్టుకెళ్లింది. ఆ పదకొండు పేర్లూ వరసగా చెప్పగలదు.

పన్నెండోది మారిట్ ఓల్సన్ అవుతుందని లవోన్ మూడేళ్లుగా ఆశపడుతోంది.

మారిట్ ఊరికి పడమర, నూట నలభై మైళ్ల దూరంలో పశువులు మేపుకునే కుటుంబంలోంచి వచ్చింది. పొడవు తక్కువ, మోచేతుల నిండా గీతలు. నంబరు పద్నాలుగు, ఆ జెర్సీ ఆమెకి రెండు సైజులు పెద్దది. మూడేళ్లలో ఆట మధ్యలో కోర్టు మీదికి దిగింది మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. రోజూ ప్రాక్టీసు అయ్యాక కుట్టుగదికి వచ్చి, బల్ల కింద ఉన్న స్టూలు లాక్కుని కూర్చుని పుస్తకాలు తెరిచేది. లవోన్ తన అమ్మ నేర్పిన పద్ధతిలో చేసిన కొలాచీలు, అంటే మధ్యలో ఆల్‌బుఖారా పండు జామ్ పెట్టిన మెత్తటి రొట్టెలు, డబ్బాలో తెచ్చి పెట్టేది. జట్టు పిల్లలందరూ ఆమెని అమ్మమ్మా అనే పిలుస్తారు గానీ, మారిట్ పిలిస్తే మాత్రం లవోన్ మెషిన్ ఆపి తలెత్తేది. భర్త ఎమిల్ పోయి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఈ పిల్లంటే ప్రాణం అని ఒప్పుకోవడానికి ఆమెకేం మొహమాటం లేదు.

ఆ ఏప్రిల్ సోమవారం కోచ్ హెడ్రిక్ స్వయంగా మెట్లు దిగి వచ్చింది. ఆమె ఈ ఉద్యోగంలో చేరి రెండేళ్లు. రెండేళ్లూ జట్టు ఓడిపోతూనే ఉంది. నిద్రలేని కళ్లు.

"లవోన్, ఓల్సన్ జెర్సీ కుట్టండి. శుక్రవారం ఇచ్చేద్దాం," అంది.

లవోన్ చేతిలో కత్తెర పక్కన పెట్టింది. "నిజమేనా కోచ్?"

"కొత్త రూల్స్ ప్రకారం జట్టులో పదిహేను మందికి మించి ఉండకూడదు. పద్నాలుగు మంది ఖాయమయ్యారు. పదిహేనో చోటు ఆ పిల్లదే. ఎవరికీ చెప్పకండేం."

"నాకు చెబుతున్నారా ఆ మాట!" అని నవ్వింది లవోన్.

ఆ సాయంత్రమే కుట్టింది. ఇంగ్లీషులో ఐదు అక్షరాలు. అంత తిన్నగా జీవితంలో ఎప్పుడూ కుట్టలేదు.

మర్నాడు, మంగళవారం, మారిట్ మొహం వేలాడేసుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. పుస్తకం తెరవలేదు.

"ఏమైందే పిల్లా?"

"సెయింట్ ఒడీలియా కాలేజీ వాళ్లు పిలిచారు అమ్మమ్మా. ఆఖరి ఏడాది అక్కడ ఆడమంటున్నారు. పూర్తి స్కాలర్‌షిప్. మొదటి ఐదుగురిలో ఆడిస్తానంది అక్కడి కోచ్. రేపు మధ్యాహ్నం లోపల అవుననో కాదనో చెప్పాలట."

"నీకు వెళ్లాలని ఉందా?"

"అది చిన్న కాలేజీ. నేను కలలు కన్నది ఇక్కడ ఆడాలని. కానీ ఇక్కడ ఈసారి నన్ను ఉంచుతారో లేదో కూడా తెలీదు. పదిహేను మందేనట కదా. ఇక్కడే ఉండి ఆశపడితే రెంటికీ చెడతానేమో. నువ్వైతే ఏం చేస్తావు?"

లవోన్ నోరు మూసుకుని ఉండాల్సింది. అంతే ఆమె చేయాల్సింది. ఇరవై తొమ్మిదేళ్లలో పదకొండుసార్లు మూసుకున్న నోరే అది. కానీ ఎదురుగా ఆ పిల్ల కళ్లనీళ్లు ఆపుకుంటోంది. పక్కన అలమారలో పేరు కుట్టిన జెర్సీ ఉంది. ఈ రెంటి మధ్యా లవోన్ నిలబడలేకపోయింది. లేచి తలుపు గడియ పెట్టింది.

"ఎక్కడికీ వెళ్లకు. శుక్రవారం దాకా ఆగు," అంది. అంతటితో ఆగినా బాగుండేది. అలమార తెరిచి, తువ్వాలు తీసి, జెర్సీ చేతికిచ్చింది.

మారిట్ అరవలేదు. అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కోటీ తడిమింది. స్వెటర్ మీదే జెర్సీ తొడుక్కుని, గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి, వీపు కనబడేలా మెడ తిప్పింది. కనబడలేదు. లవోన్ చేతి అద్దం పట్టుకుని వెనక నిలబడితే అప్పుడు కనబడింది. పది నిమిషాలు అలాగే నిలబడ్డారిద్దరూ.

"మా నాన్నకి చెప్పనా?"

"శుక్రవారం చెబుదువు గాని. ఇంకా ఎవ్వరికీ చెప్పకు, నా ఉద్యోగం ఊడుతుంది."

బుధవారం మధ్యాహ్నం మారిట్ ఆ చిన్న కాలేజీకి ఫోన్ చేసి, రాలేనని చెప్పేసింది.

గురువారం పొద్దున పదిన్నరకి కోచ్ హెడ్రిక్ మళ్లీ మెట్లు దిగింది. ఈసారి గుమ్మంలోనే నిలబడింది.

"లవోన్... ఓల్సన్ పేరు విప్పేయండి."

లవోన్ మెషిన్ తొక్కడం ఆపేసింది.

"బ్రియెల్ పైక్ అని ఆరడుగుల నాలుగంగుళాల అమ్మాయి. పోర్టల్‌లో ఉంది. ఆశ వదిలేసుకున్నాం, పొద్దున తనే ఫోన్ చేసి వస్తానంది. పదిహేనో చోటు తనకి. తనకి పద్నాలుగే కావాలట, ముందు నుంచీ అదే నంబరట."

"మాటిచ్చారు కదండీ."

"మీకిచ్చాను. ఓల్సన్‌కి ఇంకా చెప్పలేదు కదా. ఆ పిల్లకి ఏమీ తెలీదు. అదొక్కటే కాస్త ఊరట," అంది కోచ్. "ఈసారి ఓడితే నన్నూ పంపించేస్తారు, లవోన్. మీకు తెలీదా?"

ఆ పిల్లకి తెలుసని లవోన్ చెప్పలేకపోయింది. చెప్పాలనే నోరు తెరిచింది. కోచ్ అప్పటికే మెట్లెక్కేసింది.

శుక్రవారం కోచ్ మారిట్‌ని తన గదికి పిలిచి, వచ్చే ఏడాది జట్టులో చోటు లేదని చెప్పింది. మారిట్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. జెర్సీ సంగతి తెలుసని కూడా అనలేదు. అంటే లవోన్ ఉద్యోగం పోతుంది కదా. బయటికొచ్చి సెయింట్ ఒడీలియాకి ఫోన్ చేసింది. బుధవారం సాయంత్రమే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. మరో మూడు కాలేజీలకి చేసింది. అన్నీ నిండిపోయాయి.

జట్టు వదిలివెళ్లేవాళ్లు సామాను అప్పజెప్పి సంతకం పెట్టాలి. బ్యాగు, రెండు జతల బూట్లు, వెచ్చటి కోటు, లాకరు తాళం. ఆ సంతకం తీసుకునేది లవోన్. మారిట్ అన్నీ ఉతికి మడిచి తెచ్చింది. బూట్ల అడుగు కూడా తుడిచి తెచ్చింది.

"నావల్లే, తల్లీ," అంది లవోన్. సంతకం కాగితం బల్ల మీద పెట్టింది.

"ఎక్కడ సంతకం పెట్టాలి అమ్మమ్మా?"

లవోన్ వేలితో చూపించింది. మారిట్ సంతకం పెట్టి, స్టూలుని కాలితో బల్ల కిందకి తోసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత లవోన్ ఆ ఐదక్షరాలూ విప్పింది. వాటి చోట నాలుగక్షరాల పైక్ కుట్టింది. అటొకటీ ఇటొకటీ పాత రంధ్రాలు బయటికి కనబడుతూనే ఉన్నాయి. ఆవిరి పెట్టింది, గోటితో రుద్దింది. పోలేదు. పైక్ మంచి పిల్లే. "ఇదెవరిది ముందు?" అని అడిగింది కూడా. "మంచి ఆటగత్తెది," అంది లవోన్.

ఆ ఏడాది జట్టు సగం ఆటలు గెలిచింది. కోచ్ ఉద్యోగం నిలబడింది. మారిట్ అదే ఊళ్లో చివరి ఏడాది చదువు చదువుతూనే ఉంది గానీ స్టేడియం వైపు రాలేదు. లైబ్రరీకి వెళ్లాలన్నా చుట్టూ తిరిగి పోయేదని లైల్ చెప్పాడు. లవోన్ కొలాచీలు చేయడం మానేసింది. అడిగితే మోకాళ్ల నొప్పులనేది.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. సీజన్ అయిన తొమ్మిదో రోజున పైక్ పోర్టల్‌లో పేరు పెట్టింది. ఒక్క ఏడాది ఆడి, అంతకన్నా పెద్ద యూనివర్సిటీకి వెళ్లిపోయింది.

లవోన్ పద్నాలుగో నంబరు జెర్సీని బల్ల మీద పరుచుకుని నాలుగక్షరాలూ విప్పింది. వాటి కింద పాత రంధ్రాలు. వాటిని దీపం కిందకి తెచ్చి చూస్తే ఓల్సన్ అని ఇప్పటికీ చదువుకోవచ్చు. ఏమనుకుందో, అక్షరాల డబ్బా తెరిచి మళ్లీ ఆ ఐదూ తీసి, ఆ రంధ్రాల మీదే ఒక్కోటీ పెట్టి చేత్తో కుట్టింది. పైక్ ఎలాగూ పోయింది, కొత్త జెర్సీలు ఆగస్టులో వస్తాయి, ఒక పాత జెర్సీ లెక్కలో తగ్గితే ఎవరూ అడగరు. అలా అనుకుంది.

శనివారం పొద్దున మారిట్ లూథరన్ చర్చి హాల్లో ఎనిమిదేళ్ల ఆడపిల్లలకి బంతి ఆట నేర్పుతోందని లవోన్‌కి తెలుసు. లవోన్ జెర్సీ మడిచి, పైన తెల్ల తువ్వాలు కప్పి, ఆనవాయితీ ప్రకారం రెండు చేతులా పట్టుకుని వెళ్లింది. పిల్లలు బంతులు వదిలేసి చుట్టూ మూగారు.

"ఎవరీమె?" అంది ఒక పిల్ల.

"మా అమ్మమ్మ," అంది మారిట్.

ఆ మాటకి లవోన్ ఇంకో అడుగు ముందుకేసింది. "తువ్వాలు తియ్యి," అంది.

మారిట్ తువ్వాలు ఎత్తి చూసింది. అక్షరాల మీద ఈసారి వేలు పెట్టలేదు. తువ్వాలు మళ్లీ కప్పి, అంచులు సరిచేసింది.

"ఈ పేరు నా వీపు మీద పది నిమిషాలుంది అమ్మమ్మా. నీ గదిలో. ఆటలో ఒక్క నిమిషం కూడా లేదు. ఈ పేరుతో ఆడని జెర్సీ నేనేం చేసుకోను?"

"నా మీద కోపం తీర్చుకోవే. తిట్టు. ఏడాదిగా ఎదురుచూస్తున్నాను."

"కోపం వచ్చినా బాగుండేది," అంది మారిట్. కళ్లు నిండాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. "కోచ్‌ని తిడదామంటే ఆమె నాకేం మాటివ్వలేదు. ఆ పైక్‌కి నేనెవరో కూడా తెలీదు. నువ్వేమో నామీద ప్రేమతో చెప్పావు. ఎవర్ని తిట్టుకోను? చివరికి నన్ను నేనే తిట్టుకున్నాను, నీ మాట ఎందుకు నమ్మానా అని. ఇంకెవరి మాటా నమ్మబుద్ధి కావట్లేదు అమ్మమ్మా. నాకు మిగిలింది అదే."

పిల్లల్లో ఒకతి బంతి నేల మీద కొట్టింది. మారిట్ కళ్లు తుడుచుకుని, "రెండు చేతులతో కాదు, ఒక్క చేత్తో," అంటూ ఆ పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

లవోన్ కాసేపు గోడ పక్క కుర్చీలో కూర్చుని చూసింది. తర్వాత జెర్సీ పట్టుకుని లేచి వచ్చేసింది.

సోమవారం కోచ్ హెడ్రిక్ మెట్లు దిగింది. కొత్త జెర్సీలు ఆలస్యమవుతాయట, వేసవి ప్రాక్టీసుకి పాతవే వాడాలట. పోర్టల్‌లోంచి ఇంకో అమ్మాయి వస్తోంది, పద్నాలుగు సిద్ధం చేయమంది. లవోన్ సరేనంది. లైల్ గుమ్మంలో నిలబడి, "పట్టీ వెయ్ లవోన్, ఇప్పటికైనా," అన్నాడు. ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు.

తువ్వాలు తీసి, జెర్సీ తిరగేసి, కుట్లు విప్పే చిన్న కత్తి మొదటి అక్షరం కింద పెట్టింది. అన్నిసార్లు కుట్టీ విప్పీ రంధ్రాలు వదులైపోయాయి. దారం తేలిగ్గానే వచ్చేసింది.