గంజితో నేర్చిన గొట్టం పని

ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో మాత్రం రాసుకున్నాను. పసిబిడ్డ గొంతులోంచి కఫం తీయడం నేను గంజి మీద నేర్చుకున్నాను.

1939లో ఎల్లారెడ్డి దవాఖానాలో కాన్పుల గదికి కొత్త నర్సుగా వచ్చాను. అక్కడ లావు, సన్నం తేడాతో మూడు మ్యూకస్ క్యాథెటర్లు ఉండేవి. మెత్తని రబ్బరు గొట్టం, మధ్యలో గాజు బుడ్డి. ఒక కొస బిడ్డ నోట్లో, రెండో కొస మన నోట్లో. మనం పీలిస్తే కఫం బుడ్డిలో పడుతుంది, మన నోటిదాకా రాదు. ఎంత బలంగా పీల్చాలో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకే పనికిరావని పక్కన పెట్టిన గొట్టాలు అడిగి తెచ్చుకుని, గది తలుపేసుకుని, చెంబులో గంజి పోసి పీల్చేదాన్ని. చిక్కని గంజి సన్న గొట్టంలో అడ్డుపడేది.

ఒక పొద్దున తాడ్వాయి నుంచి వచ్చిన లచ్చవ్వ కోడలికి మగబిడ్డ పుట్టాడు. నాకు ముందు నుంచీ మాటలు తక్కువ; కాన్పు అయ్యేదాకా అవ్వ నా నోట ఒక్క మాటా వినలేదు. బాగా ఏడ్చాడు. నేను తల్లిని చూస్తుండగా, అవ్వ తమ ఇంటి ఆనవాయితీ అని బిడ్డ నోట్లో ఆముదం పోసింది. ఏడుపు ఆగిపోయింది. పెదవులు నీలమయ్యాయి.

"అయ్యో, ఏమైందే? నోరు తెరిసి చెప్పవేంది!" అని అవ్వ నా మీద అరిచింది. "గీ మూగపిల్లతోని ఏమైతది? డాక్టరమ్మను పిలువుండ్రి!"

డాక్టరమ్మ కామారెడ్డి వెళ్లింది. ఉన్నది నేనే.

బిడ్డను పక్కకు తిప్పి, తల కొంచెం దించాను. సన్న గొట్టం గంజికి అడ్డుపడినట్టే ఆముదానికీ మూసుకుపోతుంది. లావుది లేత గొంతును గీరుతుంది. మరిగించి ఉంచిన వాటిలో నడిమిది తీసుకున్నాను. లోపలికి పోనిచ్చేటప్పుడు పీల్చలేదు. నాలుక వెనక దాకా పంపి, బయటికి తీస్తూ మెల్లగా పీల్చాను. కఫం పడింది. బిడ్డకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చి, గొట్టాన్ని కాచిన నీళ్లతో కడిగి, మళ్లీ పెట్టాను. ఈసారి బుడ్డిలోకి ఆముదం జారింది. బిడ్డ దగ్గి, వరండా దాకా వినబడేలా ఏడ్చాడు.

"ఇక ఆముదం వద్దవ్వా, తల్లిపాలే పట్టించు" అన్నాను.

"ఓయమ్మ, మాటలొస్తయి నీకు!" అంది అవ్వ, ఏడుస్తూనే నవ్వి.

అంతవరకు పసిగొంతుకు సన్న గొట్టమే ఎప్పుడూ క్షేమమనుకునేదాన్ని. దారి ఎంత ఇరుకో చూడాలి, తీయాల్సింది ఎంత చిక్కనో కూడా చూడాలి. ఆనాటి నుంచి ఆ రెండూ చూసే గొట్టం ఎంచాను.

వాళ్లు ఇంటికి పోయే రోజు, బండెక్కబోతూ అవ్వ వెనక్కి వచ్చి నా గడ్డం పట్టుకుంది.

"మాట్లాడకుంటే మాట్లాడకపోతివి, ఫికర్ చెయ్యకు బిడ్డా. నా మనుమని పానం నిలవెట్టింది గీ నోరే."