చాయ్ గ్లాసులో ఆయిల్ చుక్క

మా జమ్మికుంటలో మెకానిక్ ఖదీర్ భాయ్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. మంచి పనివాడేనట, చివర్లో చెయ్యి తప్పిందట, ఎరువుల దుకాణం వాళ్ల కారు స్టీరింగ్ ఖరాబు చేశాడట, ఆ తర్వాత గిరాకీ పడిపోయి షెడ్డు ఎత్తేసి ఖానాపూర్ పోయాడట. ఇందులో మంచి పనివాడన్నది, గిరాకీ పడిపోవడం, ఖానాపూర్ పోవడం నిజం. మిగతాదంతా అబద్ధం. ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, ఆ కథ కట్టింది నేనే. ఆ ఎరువుల దుకాణం మాదే.

పదకొండేళ్లుగా ఇది నాలో ఉంది. ఇలాంటివాటిని బరువు అంటారు. నాకు మాత్రం పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండేది. మాట్లాడుతున్నంతసేపు గుర్తుండదు. ఊరుకుంటే చాలు, నాలుక అక్కడికే పోతుంది. అందుకేనేమో నేను ఊరుకోవడమే మానేశాను. నా నోటికి ఊళ్లో ఉన్న పేరు మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పుకోవడం సులువు. కింద నా పేరు రాయడం లేదు. జమ్మికుంట వాళ్లకు ఆ అవసరం ఎలాగూ లేదు.

నేను బీఎస్సీ చదివాను. అందులోనూ కెమిస్ట్రీ. ఇది గొప్పకు చెప్పడం లేదు, మీరే చూస్తారు. పురుగుమందు కొనే ప్రతి రైతుకూ నేను చెప్పే మొదటి మాట, డబ్బా మీద రాసింది చదివించుకొని కొట్టండి అని.

మస్కట్‌లో పనిచేసే మా మరిది వదిలిపోయిన పాత కారు ఒకటి మా దగ్గర ఉండేది. ఒక పత్తి సీజన్లో దాని స్టీరింగ్ బిర్రుగా, బిగుసుకుపోయినట్టు రావడం మొదలైంది. గేటు ముందు మలుపు తిప్పితే బండి ముందు నుంచి మూలుగు లాంటి చప్పుడు వచ్చేది. ఖదీర్ భాయ్ చూసేదాకా దాంట్లో చెయ్యి పెట్టొద్దని మా ఆయన అన్నాడు. ఖదీర్ భాయ్ చూస్తే బాగవుతుందని కాదు, నన్ను చెయ్యి పెట్టొద్దని అన్నాడు. ఆ ఒక్క మాట చాలదా నాకు?

ఆయన మార్కెట్ యార్డుకు పోగానే బానెట్ లేపాను. స్టీరింగ్ ఆయిల్ పోసే చిన్న ట్యాంకు అడుగంటి ఉంది. డిక్కీలో ఆయిల్ సీసా ఉంది. పోశాను. సీసా మీద ఏం రాసి ఉందో చదవలేదు.

నాలుగు రోజులు స్టీరింగ్ వెన్నలా తిరిగింది. ఆదివారం తీరిగ్గా ఆయన ముందు చెప్పి గెలుద్దామనుకున్నాను. ఆదివారం రాకముందే మళ్లీ బిగుసుకుంది, మునుపటికంటే గట్టిగా. సీసా తీసి అప్పుడు చదివాను. అది బ్రేక్ ఆయిల్. గెలుపు కోసం దాచిన మాట దాచినట్టే ఉండిపోయింది.

ఖదీర్ భాయ్‌కి ఒక పద్ధతి ఉండేది. మనుషులను కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, అడగాల్సినవి అడిగాకే బానెట్ లేపేవాడు. మేము కారు తీసుకుపోయిన రోజూ అంతే.

"రెండు దిక్కుల బిర్రుగున్నదా అక్కా, ఒక్క దిక్కేనా?"

"రెండు దిక్కుల."

"నిలవడ్డప్పుడా, ఉరుకుతున్నప్పుడా?"

"నిలవడ్డప్పుడు ఎక్కువ."

"మరి నాకంటె ముందల ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా?"

పక్కనే మా ఆయన ఉన్నాడు. "ఎవలు పెడ్తరు భాయ్? ఎప్పుడు నువ్వు చూసే బండే కదా అది," అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆయన టైర్లలో గాలి చూశాడు. బెల్టును బొటనవేలితో నొక్కి చూశాడు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజిన్ ఆపి, చేత్తో ఇటూ అటూ తిప్పాడు. చక్రాలు సులువుగానే తిరిగాయి. అప్పుడు ఆ చిన్న ట్యాంకు మూత తీసి, అడుగు నుంచి కాస్త ఆయిల్ తీసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు. ఖాళీ చాయ్ గ్లాసు కడిగి, నీళ్లు పోసి, అందులో ఆ ఆయిల్ వేశాడు. కొంత పైన తేలింది. కొంత నీళ్లలో కలిసిపోయింది. ఆ గ్లాసును తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. మా ఆయన ముందు కాదు, నా ముందు.

"అక్కా, జర యాది చేస్కోండ్రి. ఏమన్న పోసిండ్రా?"

"అడిగిందే అడుగుతవేంది భాయ్? నువ్వు మెకానిక్‌వా, పోలీసోనివా? పంపు పోయినట్టున్నది, మార్చియ్యి."

మా ఆయన నవ్వాడు. ఖదీర్ భాయ్ నవ్వలేదు. "పంపు ఒక్కటే మారిస్తె ఆగదక్కా. రబ్బర్ సీళ్లు ఉబ్బుతయి. పైపులు, లోపల అంత కడగాలె. వారం పడ్తది," అన్నాడు. సీజన్లో వారం కుదరదు, పంపు ఒక్కటే మార్చి రెండు రోజుల్లో ఇయ్యి అన్నాను. ఇచ్చాడు.

నెల తిరక్కుండానే, యార్డు గేటు దగ్గర పత్తి బండ్ల మధ్య మలుపు తిప్పబోతే స్టీరింగ్ తిరగలేదు. గేటు స్తంభానికి గుద్దాను. ఎవరికీ ఏం కాలేదు. కానీ యార్డంతా చుట్టూ మూగింది. రిపేర్ ఎవరు చేసిండ్రని ఎవరో అడిగారు. ఒక్క క్షణం ఉండింది నా చేతిలో. ఆ క్షణాన్ని ఇప్పటికీ తిప్పి తిప్పి చూస్తుంటాను. నేనే ఖరాబు చేసుకున్న, ఆయన కడుగుతనంటె నేనే వద్దన్న అని చెప్తే ఏమయ్యేది? యార్డులో నలుగురు నవ్వేవాళ్లు, ఇంట్లో ఒకడు నవ్వేవాడు, నవ్వుకు ఎవరి షెడ్డూ మూతపడదు కదా. నేను ఖదీర్ భాయ్ పేరు చెప్పాను.

అక్కడితో ఆగినా భయపడ్డానని సరిపెట్టుకునేదాన్ని. ఆగలేదు. సీజనంతా కౌంటర్ వెనక నిలబడి, ట్రాక్టర్ ఉన్న ప్రతి రైతుకూ చెప్పాను. అడగకపోయినా చెప్పాను. ఎందుకు? ఎక్కువ మందికి చెప్తే నిజమవుతుందనా? రెండేళ్లకు ఆయన షెడ్డు ఎత్తేశాడు. అత్తగారి ఊరు కాబట్టి ఖానాపూర్ పోయాడని అన్నారు. నేనూ దాన్నే పట్టుకున్నాను. మనిషి అత్తగారి ఊరికి సంతోషంగా పోకూడదా ఏం? ఇలా నాతో నేను ఎంత వాదించుకున్నానో. వాదనలో నన్ను గెలిచినవాళ్లు లేరు, నేనూ నన్ను గెలవలేకపోయాను.

ఇన్నేళ్లూ ఒక్క ధీమా ఉండేది. ఆయనకు తెలియదు కదా, అని. ఈ వానాకాలం కరీంనగర్‌లో అదే కారుకు టైర్లు మార్పిస్తూ కూర్చున్నాను. ఏం పోశానో ఎవరికీ చెప్పలేదు కాబట్టి, ఎందరు చూసినా దాని స్టీరింగ్ బిర్రు పూర్తిగా పోలేదు. పక్క షెడ్డులో మెకానిక్ ఎవరిదో పాత కారు ట్యాంకులోంచి ఆయిల్ తీసి, నీళ్లున్న గిన్నెలో వేశాడు. నా కాళ్లు నన్ను అక్కడికి తీసుకుపోయాయి. అదేందని అడిగాను.

"స్టీరింగ్ ఆయిల్ నీళ్ల మీద తేలుతది మేడమ్. బ్రేక్ ఆయిల్ నీళ్లల్ల కలుస్తది. తెల్వక ఎవలన్న అది పోస్తె, గిట్ల ఎర్కయితది."

కెమిస్ట్రీ చదివినదాన్ని. గ్లాసు నా కళ్ల ముందే ఉండింది ఆ రోజు. అంటే ఆయనకు తెలుసు. అన్నీ తెలిసే గ్లాసు నా ముందు పెట్టాడు.

ఆ రోజే మా ఆయనకు చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. "ఆయన ఊరిడిసి పోయేనాడు ఎదురువడ్డా సలాం కొట్టకపోతి కదనే," అన్నాడు. అంతే.

మర్నాటి నుంచి అదే కౌంటర్ వెనక నిలబడి చెప్తున్నాను. ట్రాక్టర్ ఉన్న ప్రతి రైతుకూ. ఒక పెద్దాయన యూరియా బస్తా మీద కూర్చొని అంతా విని, "గప్పుడు నీ మాట వట్టుకొని నా బండిని హుజూరాబాద్ దాంక కొంటవోతి చెల్లె. ఇగ ఇప్పుడు చెప్పేదన్న నిజమేనా, మళ్ల పదేండ్లకు మారుతదా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పిన ప్రతిసారీ కొంచెం తేలికవుతోంది. క్షమించమని నేను అడగడం లేదు. దానికి నాకు హక్కు లేదు.

మొన్న ఆయన నంబర్ దొరికింది. ఫోన్ చేసి మొత్తం చెప్పాను. వాళ్ల షెడ్డులో సుత్తి చప్పుడు వినబడుతోంది, ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నారు. పని బాగానే ఉన్నట్టుంది, ఆ చప్పుడు విని ఎంత సంతోషమైందో. నేను చెప్పడం అయిపోయాక, స్టార్ట్ చేస్తున్న ఆ బండిని ఆపమని ఎవరికో చెప్పాడు. తర్వాత అడిగాడు.

"ఇప్పుడు రెండు దిక్కుల బిర్రుగున్నదా అక్కా, ఒక్క దిక్కేనా?"

"రెండు దిక్కుల."

"ఆయితారం తీస్కరండ్రి. చూద్దాం."

మాఫ్ చేశాననలేదు. చెయ్యలేదనీ అనలేదు. ఆదివారం పోతున్నాను. నేనే నడుపుకుంటూ పోతాను, భుజాలు పీక్కుపోయినా సరే. ఈసారి ఆయన అడగకముందే ఏం పోశానో చెప్తాను. వారం పడుతుందంటే వారం ఉంచుతాను.

నేనూ ఒకటి అడగాలి. ఆ రోజు మా ఆయన ముందు నన్ను బయటపెట్టలేదు. ఊరంతా నా మాట తిరుగుతున్నప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నాకు నేనుగా ఒక రోజు వచ్చి చెప్తాననుకున్నావా? అట్లయితే ఎన్ని రోజులు ఎదురుచూసినవు భాయ్?