చమురత్తని మోసిన దారి

సినిమావాళ్ళ పెళ్ళిళ్ళూ విడాకులూ మీకు కంఠతా వచ్చు. మా చమురత్త గురించి మాత్రం మీలో ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఎప్పుడైనా నేను పేరెత్తితే "ఆ పిచ్చావిడేనా?" అంటారు. ఆ పిచ్చావిడ నాకు స్వయానా మేనత్త, మా నాన్నకి ఆఖరి చెల్లెలు. ఇవాళ నోరు మూసుకుని వినండి. మధ్యలో ఎవరి ఫోను మోగినా బకెట్టు నీళ్ళలో ముంచుతాను, నా సంగతి తెలుసుగా.

అత్త పెద్దాసుపత్రిలో ఆయా. మంచాల కింద తుడవడం, దుప్పట్లు మార్చడం, కదల్లేని రోగుల్ని ఒక పక్కనుంచి ఇంకో పక్కకి తిప్పడం ఆవిడ పని. దగ్గరికెళ్తే ఫినాయిలు వాసన. మనిషి బక్కపలచన, నోరు మాత్రం ఇనుము. మామయ్య ఇంటి పట్టున కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. ఆవిడ అరుస్తుంటే తలూపడం ఆయన రెండో పని.

ఆ ఏడు లారీల సమ్మె వచ్చింది. తొమ్మిది రోజులు ఊళ్ళోకి డీజిలు చుక్క రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున మామయ్య గుండె పట్టుకుని కూలబడ్డాడు. అంబులెన్సుకి ఫోను చేస్తే, "బండి ఉందమ్మా, అందులో పొయ్యడానికే ఏమీ లేదు" అన్నారు. కూరగాయల తోపుడుబండి మీద పడుకోబెట్టి ఐదు కిలోమీటర్లు తోసుకెళ్ళాం. గంటా పది నిమిషాలు పట్టింది. డాక్టరు మామయ్య కనురెప్పలు ఎత్తి చూసి, "గంటలోపు తెచ్చుంటే బతికేవాడు" అన్నాడు. ఆ మాట అత్త బుర్రలో మేకులా దిగబడిపోయింది.

కొన్నాళ్ళకి వార్డులోకి ఒక ముసలాయన వచ్చాడు. చమురు బావుల్లో ముప్పై ఏళ్ళు గొట్టాలు దించినవాడు. ఊపిరి అందక రాత్రీ పగలూ కూర్చునే ఉండేవాడు. అత్త చెయ్యి పట్టుకుని మళ్ళీ మళ్ళీ ఒకటే చెప్పేవాడట.

"అమ్మా, మొదట్లో గొట్టం దించితే చమురు దానంతటదే ఎగదన్నేది. ఇప్పుడు నీళ్ళు కిందికి తోసి, దాన్ని బతిమాలి పైకి లాగుతున్నాం. వాళ్ళు చెప్పరు గానీ, కింద డొల్ల. చెవి ఆనిస్తే నాకు వినబడేది."

"ఏం వినబడేది?" అని అత్త అడిగిందట.

ఆయనకి దగ్గు తెర అడ్డొచ్చింది. ఆ వారంలోనే పోయాడు.

అప్పట్నించి ఆవిడ చమురత్త అయింది. వీధి చివర షెడ్డులో లారీలు బాగుచేసే మెకానిక్ బాబాయ్‌ని పట్టుకుంది. సంఘం పెడదాం, చమురు అయిపోయే రోజుకి జనాన్ని సిద్ధం చేద్దాం అంది.

"నా పొట్ట మీద కొట్టే సంఘానికి నన్నే పెద్దని చేస్తావా అక్కా?" అన్నాడాయన.

"నీ పొట్ట నేను కొట్టేదేంట్రా? అడుగంటుతోంది. గిన్నె గీకే చప్పుడు నీకే ముందు వినబడాలి, ఆ మసిలో పుట్టిన చెవులు నీవి."

బాబాయ్ నవ్వి ఒప్పుకున్నాడు. జనం మాత్రం ఆవిడ వెంట చేరిన మమ్మల్ని 'అయిపోయిన సంఘం' అనేవాళ్ళు. మాలో చదువుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు అర్జీలు రాద్దాం, ఉపన్యాసాలిద్దాం అన్నారు. అత్త ఒకటే మాట అంది: "కాగితాలు మీరు రాసుకోండి. బండి లేనిరోజున మనిషిని గంటలోపు ఆసుపత్రికి చేర్చే సంగతి నేను చూస్తా."

బాబాయ్ ఇనుప గొట్టాలకి టార్పాలిన్ బిగించి స్ట్రెచర్ చేశాడు. మోసేవాళ్ళం ఎనిమిదిమందిమి. నలుగురు మోస్తుంటే నలుగురు పక్కన నడవాలి. పిలుపు రాగానే, స్ట్రెచర్ నేలకి ఆనకుండా, నడక ఆగకుండా భుజాలు మారాలి. పడుకున్న మనిషి ఎడమకాలి వైపు నేను. బాబాయ్ గడియారం పట్టుకుని పక్కన నడుస్తూ మార్పులు లెక్కపెట్టేవాడు. మొదట ఇసుక మూట మోశాం. గంటా యాభై నిమిషాలు పట్టింది.

"ఇసుకకి నొప్పి తెలీదు, అందుకే దున్నపోతుల్లా నడుస్తున్నారు" అని అత్త తనే ఎక్కి పడుకుంది.

"బతికుండగానే నలుగురి భుజాలెక్కావే!" అని నేను గోల పెట్టాను.

"పోయాక ఎక్కితే మీ నడక బాగోలేదని తిట్టడానికి వీలుండదు" అంది.

నెలకోసారి, మిట్టమధ్యాహ్నం. రోగం చల్లపూట చూసుకుని రాదు కదా అనేది. ఎండకి మొహం మీదిదాకా తెల్ల దుప్పటి కప్పుకునేది. పడుకున్న మనిషితో ఎవరూ మాట్లాడకూడదు, ఊపిరి దండగ. రెండు వందల అడుగులకోసారి దుప్పటి కిందనుంచి "మార్చు" అని వినబడేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు.

అది చూడాలి మీరు. రోడ్డు పక్కన సైకిళ్ళు ఆపి జనం తలలొంచుకు నిలబడేవాళ్ళు. అంతలో దుప్పటి కిందనుంచి "మార్చు" అనగానే ఒకావిడ చేతిలో సంచి వదిలేసి పరుగెత్తింది. మేం పగలబడి నవ్వాం. పోనుపోను నవ్వు రావడం మానేసింది. మేం వస్తున్నామంటే ఆ దారిలో కిటికీలు మూసుకునేవాళ్ళు. మొదట్లో మా వెంటపడి మొరిగిన కుక్కలు కూడా గోడవారకి ఒదిగి నిలబడేవి.

మూడేళ్ళు మోశాం. గంటా ఆరు నిమిషాలకి దిగింది. ఆ ఆరు నిమిషాలూ తెగలేదు. అత్త చిక్కిపోయింది, నిద్ర లేదు. "గంటలోపు చేరగలిగితే మీ మామయ్య చావు దారి తప్పు కాదు, చేతకాని మన తప్పు" అనేది. చేరలేమని తేలాలో, చేరగలమని తేలాలో, ఆవిడకే తెలీదు. ఏదో ఒకటి తేలితే చాలనుకుంది.

ఆరోజు అత్త ఇంట్లోంచి రావడమే మొహం నిండా చెమటతో వచ్చింది.

"ఏంటత్తా, ఒంట్లో బాగోలేదా? ఈ నెలకి మానేద్దాం."

"నడిచేది మీరు, పడుకునేది నేను. నాకేంటే అలసట? గొట్టం పట్టుకో."

బయల్దేరాం. ఐదారు మార్పులు మామూలుగానే అయ్యాయి. మూతపడిన పెట్రోలు బంకు దగ్గర దుప్పటిలోంచి అత్త చెయ్యి జారి వేలాడింది. భుజం మీది గొట్టం ఒక చేత్తో పట్టుకునే, రెండో చేత్తో దాన్ని లోపలికి తోశాను. తారు కరిగే ఎండ. ఆ చెయ్యి మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

ఆపుదామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అంతలో "మార్చు" అని వినబడింది. ఎప్పటి గొంతే. నా ప్రాణం కుదుటపడింది. అత్తకి కోపం తెప్పించడమెందుకని ఊరుకున్నాను. ఆ పిలుపే రాకపోతే ఆపేదాన్ని. ఇది మీకు ఇంతవరకూ చెప్పలేదు.

అక్కణ్ణించి పిలుపులు దగ్గర దగ్గరగా వచ్చాయి. రెండు వందల అడుగులు పోయి నూటయాభై, తర్వాత నూరు. అలసట వచ్చేలోపే భుజం మారుతోంటే కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు. స్ట్రెచర్ ఖాళీగా ఉందా అన్నంత తేలిక. ఆసుపత్రి మెట్ల మీద దించాం. బాబాయ్ గడియారం ఎత్తి పట్టుకుని గంతులేశాడు.

"యాభై ఆరు! లే అక్కా, యాభై ఆరు నిమిషాలు!"

అత్త లేవలేదు.

డాక్టరు దుప్పటి తీసి చూసి, "ఇంతసేపు శవాన్ని ఎందుకు మోశారు? పోయి ముప్పావుగంట అయ్యుంటుంది" అన్నాడు.

ముప్పావుగంట కిందట మేం పెట్రోలు బంకు దగ్గర ఉన్నాం.

ఆ తర్వాత మిగతా ఏడుగుర్నీ విడివిడిగా అడిగాను. ఏడుగురూ పిలుపు విన్నారు. బాబాయ్ లెక్కలో బంకు దాటాక యాభై ఒక్క మార్పులు. "ఎవరో మనలోనే అని ఉంటార్లే" అన్నాడు. ఎవరన్నారో ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

సంఘం మానేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. గంటలోపు చేరొచ్చని తేలింది కదా, రేపు ఎవరి మొగుడికో పనికొస్తుంది. మరుసటి నెల పడుకోవడానికి ఒక్కరూ ముందుకి రాలేదు. నేనే ఎక్కి దుప్పటి కప్పుకున్నాను, నా చోట బాబాయ్ భుజం పెట్టాడు. లోపల తెల్లటి వెలుతురు తప్ప ఏమీ లేదు. అడుగులు లెక్కపెట్టాను. నూట తొంభై ఎనిమిది, నూట తొంభై తొమ్మిది. "మార్చు" అందామని నోరు తెరిచాను.

నేను అనేలోపే భుజాలు మారిపోయాయి.

దారి పొడుగునా అంతే. నా నోట ఒక్క మాట రాలేదు. మెట్ల మీద దించాక బాబాయ్ దుప్పటి పట్టుకుని, తియ్యకుండా నిలబడ్డాడు. అంచు పట్టుకున్న ఆయన వేళ్ళ నీడ బట్టలోంచి కనబడుతోంది.

"పిలిచింది నువ్వేగా?" అన్నాడు.

ఏడుగురూ నా జవాబు కోసం చూస్తున్నారని తెలుసు. కాదంటే ఇంకెవరూ ఆ గొట్టం ముట్టుకోరు.

"నేను కాక ఇంకెవరు బాబాయ్?" అన్నాను.

ఆ తర్వాత పదకొండేళ్ళు మోశాం. నిజం రోగుల్ని నలుగుర్ని మోశాం, ముగ్గురు బతికారు. ఎవర్ని పడుకోబెట్టినా పిలుపు మాత్రం వినబడేది. దాని గురించి ఎవరం మాట్లాడుకోలేదు.

చమురత్త పోయేనాటికి ఆవిడకి అరవై ఒక్క ఏళ్ళు.